ముక్కుకి గుడ్డ కట్టుకున్నారో లేదో

ఆ రోజు నేను చేసింది తప్పు. దాన్ని మెత్తగా చెప్పే మాట కోసం ఈ ఏడేళ్ళలో చాలా వెతికాను, దొరకలేదు. ఒకాయన గుంటూరులో మా కోచింగ్ సెంటర్లో పాఠం చెబుతున్న సమయంలో, ఆయనకి తెలియకుండా, పెదనందిపాడు అవతల ఉన్న ఆయన రెండెకరాల పత్తిచేలో నేను పురుగుమందు కొట్టించాను. అప్పటికి నాలుగేళ్ళుగా ఆయన ఆ చేలోకి మందు డబ్బా రానివ్వలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కొట్టించాను.

ఈమధ్యే ఆయన పోయారు. సాయంత్రం చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. మర్నాడు పొద్దున ఆ కబురు ఫోనులో వచ్చినప్పుడు నేను లాంగ్ టర్మ్ బ్యాచ్‌కి ఫిజిక్స్ చెబుతున్నాను. ఫోను జేబులో పెట్టుకుని లెక్క పూర్తి చేశాను. సమాధి కార్యక్రమానికి మా స్టాఫ్ అంతా వ్యాన్‌లో వెళ్ళారు. నేను వీక్లీ టెస్టు ఉందని ఆగిపోయాను. టెస్టు ఎవరైనా పెట్టగలరు. నేను వెళ్ళకపోవడానికి కారణం అక్కడ ఆయన తమ్ముడు ఉంటాడని.

ఆయన బోటనీ చెప్పేవారు. పిల్లలు ఆయనకి కషాయం సార్ అని పేరు పెట్టారు. దగ్గరికి వస్తే వేపగింజల కషాయం వాసన. ఎంత తోమినా గోళ్ళ కింద ఆ పసుపూ ఆకుపచ్చా కాని రంగు ఉండేది. పొద్దున మొదటి బస్సులో దిగేవారు. చేతిలో గుడ్డసంచి, అందులో టిఫిన్ డబ్బా, ఒక పాత తువ్వాలు. చొక్కా జేబులో దారం కట్టిన చిన్న భూతద్దం. ఏడింటి నుంచి పది దాకా మూడు క్లాసులు చెప్పి, పదింపావు బస్సుకి వెళ్ళిపోయేవారు. చేరేటప్పుడే షరతు పెట్టుకున్నారు: మూడు గంటలు, ఆదివారం రాను, పత్రికల్లో వేసే ప్రకటనలో నా ఫొటో వెయ్యకండి.

"జీతం పెంచుతారట సార్, మధ్యాహ్నం కూడా ఉండమంటున్నారు," అని ఒకసారి యాజమాన్యం మాట నేను మోసుకెళ్ళాను. అప్పటికే నేను సెంటర్ ఇన్‌ఛార్జిని.

"మధ్యాహ్నం నాకు వేరే పిల్లలున్నారు మాస్టారూ."

"ఎంతమంది?"

"లెక్కపెట్టలేదు. ఆకుకి ఇద్దరు ముగ్గురు ఉంటారు," అని నవ్వి సంచి భుజాన వేసుకున్నారు.

క్లాసు మొదలుపెట్టే ముందు ఆయన పిల్లల్ని ఒకటే అడిగేవారు: "ఇవాళ పొద్దున ఏం చూశారు?" తెల్లవారక ముందే లేచి, స్టడీ అవర్లో కూర్చుని, వరసలో నిలబడి ఉప్మా తిని, మెట్లెక్కి వచ్చిన పిల్లలు. వాళ్ళేం చూస్తారు? మొదట్లో నవ్వేవారు. "పుస్తకం చూశాం సార్," అనేవారు. "పుస్తకం కాదమ్మా. కళ్ళతో." ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "బాత్రూం గోడకి నాచు పట్టింది సార్, కాలు జారింది," అంది. క్లాసంతా గొల్లుమంది. ఆయన మాత్రం పండగ వచ్చినట్టు, "అదీ! పద, ఇవాళ అక్కణ్ణుంచే మొదలుపెడదాం," అని సుద్దముక్క తీసుకున్నారు. ఆ అమ్మాయిని ఆ రోజు నేను వరండాలోంచి చూశాను. మా సెంటర్లో ఎవరూ అంత నిటారుగా కూర్చోవడం నేనెరగను.

ఆయనేదో ఋషి అనుకోవద్దు. స్టాఫ్ రూములో గోడకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోయేవారు. చిరాకు పడేవారు. మూడు నెలల సిలబస్ నెలలో ముగించమంటే అందరిలాగే గబగబా నోట్సు చెప్పి, బయటికొచ్చి కుర్చీలో కూలబడేవారు.

"అక్కడ మొక్కని తొందరపెట్టొద్దని ఊళ్ళో వాళ్ళకి చెబుతా. ఇక్కడికొచ్చి ఈ పిల్లల్ని తరుముతా," అన్నారు ఒకసారి. "మా ఊరి రైతు పత్తి అమ్మి సగం మందుల షాపుకిస్తాడు. సగం మనకిస్తాడు. షాపువాణ్ణి తిట్టే అర్హత నాకుందంటారా?"

"మరి మానెయ్యండి సార్," అన్నాను.

"మానేస్తే ఆ రెండెకరాలూ నన్ను మొయ్యలేవు. ఇది లేకుండా అది లేదు. అది లేకపోతే ఇది నేను చెయ్యలేను." తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "అలిసిపోయాను మాస్టారూ," అన్నారు. ఆ మాట ఆయన తరచూ అనేవారు. ఫిర్యాదులా కాదు, టైమెంతయిందో చెప్పినట్టు.

ఆయన మందు ఎందుకు మానేశారో నాకు ఒక్కసారే చెప్పారు, అదీ నేను అడగలేదు. ఆయన తండ్రి ఊళ్ళో రైతుల చేలకి మందు కొట్టే కూలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీపున పంపు. బకెట్లో మందు చేత్తోనే కలిపేవాడట. "మా నాన్న మా ఇద్దరికీ ఎప్పుడూ ముద్ద కలిపి పెట్టలేదు. చిన్నప్పుడు మా మీద ప్రేమ లేదనుకునేవాణ్ణి. పెద్దయ్యాక తెలిసింది. చేతుల వాసన పోదు కదా." అంతే చెప్పారు. జేబులో భూతద్దం బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

నాదీ వ్యవసాయ కుటుంబమే. మా పత్తికి మేమెప్పుడూ మందు కొట్టలేదు. కూలీలు కొట్టేవారు. వాళ్ళ ఇళ్ళలో ఎవరు ఎవరికి ముద్దలు పెట్టేవారో మేం ఆలోచించలేదు.

ఒక దసరా సెలవులో ఆయన నన్ను చేనుకి తీసుకెళ్ళారు. తండ్రి చివరి రోజుల్లో సంపాదించిన నాలుగెకరాలు అన్నదమ్ములు చెరి సగం చేసుకున్నారు. రోడ్డు వైపు తమ్ముడిది, లోపలిది ఈయనది. తమ్ముడి చేలోంచే దారి. తమ్ముడి చేను నున్నగా, దువ్విన తలలా ఉంది. ఈయన చేను గట్టు చుట్టూ ఆముదం మొక్కలు, మధ్యమధ్య బంతిపూలు, పిట్టలు వాలడానికి పాతిన కర్రలు. ప్రతి కర్ర మీదా ఒక గోరింక.

ఆయన ఒక ఆకు తిప్పి నా ముందు పెట్టారు. "ఏం కనిపిస్తోంది?"

"ఆకు."

"మళ్ళీ చూడండి."

"ఈనెలు."

"మళ్ళీ చూడండి మాస్టారూ, పరీక్ష కాదు. తొందరలేదు."

మూడోసారి, భూతద్దం కింద, గసగసాల కుప్పంత ముద్ద కనిపించింది. "ఇవి గుడ్లు. ఇవాళయితే వేలితో పోతాయి. నాలుగు రోజులాగితే పిల్లలై చేనంతా పాకుతాయి. అప్పుడు అందరూ డబ్బా అంటారు. నా వ్యవసాయమంతా ఇంతే. రోజూ వచ్చి చూడటం."

గట్టు మీద నుంచి తమ్ముడు కేకేశాడు. "ఏం సారూ, మీక్కూడా పురుగుల్ని చూపిస్తన్నాడా? అన్నయ్యా, నీ చేలో నువ్వు పెంచుతున్నావ్, నా చేలోకొచ్చి తింటన్నయ్! ఏదో ఒక రోజు నేనే మనుషుల్ని పెట్టి కొట్టిస్తా, చూసుకో!"

"కొట్టించరా, మీ వదిన నీకు గోంగూర పచ్చడి పెట్టడం మానేస్తుంది," అన్నారీయన.

"అబ్బో! అదొక్కటే భయం నాకు."

ఇద్దరూ నవ్వుకున్నారు. చుట్టుపక్కల కలుపు తీస్తున్న ఆడవాళ్ళూ నవ్వారు. ఆ మాట వాళ్ళందరూ విన్నారు. తర్వాత వాళ్ళందరికీ గుర్తుంది.

ఆ ఏడాది కార్తీకంలో మా జువాలజీ లెక్చరర్ చెప్పాపెట్టకుండా పక్క కాలేజీకి వెళ్ళిపోయాడు. సిలబస్ సగంలో ఉంది. యాజమాన్యం నా మెడ మీద కూర్చుంది. నేను వెళ్ళి ఈయన్ని పట్టుకున్నాను.

"పదంటే పది రోజులు సార్. పగలంతా ఉండండి, రెండూ మీరే చెప్పండి. రూము నేనే చూస్తాను. పదకొండో రోజు మళ్ళీ మీ పదింపావు బస్సు."

"ఇప్పుడు పూత మీద ఉంది మాస్టారూ. పది రోజులు చాలా ఎక్కువ."

"నా ఉద్యోగం సార్," అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. నా ఉద్యోగానికి ఏమీ కాదు, నాకు నాలుగు మాటలు పడతాయి, అంతే. ఆయన నా ముఖం చూసి సరేనన్నారు.

అయిదో రోజు సాయంత్రం ఆయన భార్య ఫోను చేసింది. ఆవిడ పక్క ఊరి బడిలో టీచరు. బడికి వెళ్ళే ముందు నాలుగు సాళ్ళు చూస్తోంది కానీ తన వల్ల కావడం లేదని, పచ్చపురుగు దిగిందని చెప్పింది. ఆయన నా దగ్గరికొచ్చి, "రేపొక్క రోజు వదలండి," అన్నారు. రేపు ఊపిరాడదు సార్, ఎల్లుండి చూద్దాం అన్నాను. ఆయన వాదించలేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని మెస్ వాళ్ళు చెప్పారు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. దాన్ని ఉపకారం అనే అనుకున్నాను, అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. చేను బతికితే ఆయన మనసు కుదుటపడుతుంది, క్లాసులు సాగుతాయి. చిలకలూరిపేటలో మందుల షాపు ఉన్న మా ఊరి వాడొకడికి ఫోను చేసి, చేను గుర్తులు చెప్పాను. "టీచరు బడికి వెళ్ళాక, పన్నెండులోపు అయిపోవాలి. తొందరగా కానిమ్మను," అన్నాను. అద్దంకి వైపు నుంచి సీజనుకి వచ్చిన కూలీలు ఇద్దరు, పంపులు వేసుకుని తమ్ముడి చేలోంచి వెళ్ళి, తమ్ముడి బోరు దగ్గరే నీళ్ళు పట్టుకుని, పని ముగించుకుని వెళ్ళిపోయారట. ఆ సమయానికి తమ్ముడు విత్తనాల పని మీద పొన్నూరు వెళ్ళాడు. ఎవరు పంపారని కూలీలని అడిగినవాళ్ళు లేరు. అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

మందు కొట్టిన మూడో రోజున, ముందు సాయంత్రమే ఊరెళ్ళిన ఆయన చేను చూసుకుని మొదటి బస్సుకి వచ్చారు. క్లాసుకి ఆలస్యం కాలేదు. పిల్లల్ని ఆ రోజు ఏం చూశారని అడగలేదు. పది గంటలకి స్టాఫ్ రూములో నా ఎదురుగా కూర్చున్నారు.

"ఎవరో మందు కొట్టారు మాస్టారూ. చేనుకి మేలు చేసే అక్షింతల పురుగులన్నీ సాళ్ళలో రాలి ఉన్నాయి. సాలీళ్ళు కూడా. కర్రల మీద పిట్ట లేదు."

"ఎవరు?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో నాకిప్పటికీ వినిపిస్తుంది.

"ఇంకెవరు? అన్నంత పనీ చేశాడు. కాదంటాడు. వాడి బోరు నీళ్ళే, వాడి దారే. అందరూ చూశారు." చాలాసేపు బల్ల మీద సుద్దపొడి వేలితో కుప్ప చేశారు. తర్వాత నావైపు చూడకుండా అన్నారు: "ఆ కొట్టినవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకున్నారో లేదో."

చెప్పాల్సిన క్షణం అదే. బెల్లు కొట్టారు. నేను లేచి క్లాసుకి వెళ్ళాను.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆయన మా దగ్గరే చెప్పారు. అదే మొదటి బస్సు, అదే పదింపావు. చేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. పిట్టలు తిరిగి రావడానికి రెండేళ్ళు పట్టిందని ఒకసారి చెప్పారు. తమ్ముడితో మాటలు లేవు. పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ప్రహరీ కూడా లేదు. రోజూ ఆయన పక్కన టీ తాగాను. ఆ టేబుల్ దగ్గరే ఎన్నోసార్లు నోరు తెరిచి, "రేపు టెస్టు పేపరు ఇస్తారా సార్?" అని అడిగి ఊరుకున్నాను.

ఆయన పోయిన అయిదో రోజున ఇంటి ముందు షామియానా వేసి, ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. ఈసారి వెళ్ళాను. పాటలయ్యాక పాస్టరు గారు, ఆయన్ని ఎరిగినవాళ్ళు సాక్ష్యం చెప్పండి అన్నారు. పాత విద్యార్థులు చెప్పారు. కాలు జారిన ఆ అమ్మాయి ఇప్పుడు బోటనీ లెక్చరర్, ఆమె చెప్పలేక కూర్చుంది. తమ్ముడు షామియానా బయట, తన ఇంటి వైపు, సైకిలుకి ఆనుకుని నిలబడ్డాడు. పాస్టరు గారు నన్ను పిలిచి మైకు ఇచ్చారు.

ఇరవై ఏళ్ళుగా మైకు పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. మైకు పనిచేస్తోందో లేదో రెండుసార్లు తట్టి చూశాను. "ఏడేళ్ళ కిందట ఆయన చేలో మందు కొట్టించింది నేను," అన్నాను. "తమ్ముడు కాదు. తమ్ముడికి తెలియదు. నేను ఆయన్ని సెంటర్లో కూర్చోబెట్టి, ఇక్కడ కొట్టించాను. ఇన్నేళ్ళూ చెప్పలేదు."

తమ్ముడు సైకిలు వదిలేసి లోపలికొచ్చాడు. సైకిలు పడిపోయింది.

"ఏడేళ్ళు సారూ!" అన్నాడు. గొంతు పెద్దది, ఊరంతా వినపడేంత. "ఏడేళ్ళు మా అన్న నా ముఖం చూళ్ళా. నా కూతురు పెళ్ళికి ఎవరోలాగా వచ్చి, అక్షింతలేసి పోయాడు. మొన్న అన్న శవప్పెట్టె పట్టుకుంటే కూడా, ఊరోళ్ళు నా చేతులే చూశారయ్యా, ఈ చేతులే! చదువు చెప్పేవాడివేనా నువ్వసలు?"

పాస్టరు గారు అతని భుజం పట్టుకోబోతే విదిలించుకున్నాడు. అప్పుడు ఆయన భార్య, టీచరుగారు, లేచారు. నావైపు చూడలేదు.

"మరిదీ, ఇంట్లోకి రా. అన్నం తిందువుగాని."

"ఆయన ఉండగా పిలవాల్సింది వదినా," అన్నాడు. ఆ పెద్ద గొంతు అక్కడితో ఆగిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళలేక అక్కడే కూర్చుని ఏడ్చాడు.

అందరూ వెళ్ళాక టీచరుగారు నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను.

"కొట్టినవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకున్నారా మాస్టారూ?"

"తెలియదమ్మా."

"ఈయన చాలాసార్లు అనేవారు. కనుక్కోండి."

మందుల షాపతను మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. చివరికి ఒక పేరు చెప్పాడు. ఇద్దరిలో ఒకతను ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. రెండోవాడు మందు పని మానేసి చీమకుర్తిలో గ్రానైట్ కోసే చోట చేరాడు. ఒక ఆదివారం, క్లాసులు ఇంకొకరికి అప్పజెప్పి, రెండు బస్సులు మారి వెళ్ళాను. కనురెప్పల దాకా తెల్లగా రాతిపొడి పట్టిన మనిషి బయటికొచ్చాడు. నాకంటే చిన్నవాడే అయ్యుంటాడు, పెద్దవాడిలా ఉన్నాడు. రెండు మాటలకొకసారి దగ్గుతున్నాడు.

"ఏ చేను సారూ? రోజుకి నాలుగు చేలు కొట్టేవోళ్ళం."

"చుట్టూ ఆముదాలు. పిట్టలు వాలడానికి కర్రలు పాతి ఉంటాయి."

"అదా! గుర్తుంది. అన్ని పిట్టలున్న చేను నేనెక్కడా చూళ్ళా. పంపు చప్పుడికి ఒక్కసారే లేచినయ్."

"ఆ రోజు ముక్కుకి గుడ్డ కట్టుకున్నారా?"

నేను ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అన్నట్టు చూశాడు. "లేదు సారూ. మామూలుగా తువ్వాలు కట్టేవోళ్ళం. ఆ రోజు కట్టుకుంటే ఊపిరాడక ఆగి ఆగి కొట్టాల. తొందరగా కానియ్యమన్నారని చెప్పాడు షాపాయన."

తొందరగా కానియ్యమన్నది నేనేనని చెప్పాను. క్షమించమని అడిగాను. "అయిపోయిందిగా సారూ, టీ తాగుతారా?" అన్నాడు. తాగాను. అతను ఆ టీ అయినా కూర్చుని తాగలేదు. లోపల మిషను పిలుస్తోంది.

తిరిగొచ్చి టీచరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఆయన అదే అనుకున్నారు," అన్నారావిడ. మన్నించాననలేదు. నేను అడగలేదు.

ఇన్‌ఛార్జి పని వదులుకున్నాను. ఆదివారం రానని కాగితం మీద రాసిచ్చాను. చేను ఈ ఏడు పూత మీద ఉంది. పొద్దున చూసే ఆ మనిషి లేడు. వారమంతా తమ్ముడు చూస్తున్నాడు, ఆదివారం నేనూ మొదటి బస్సుకి వెళుతున్నాను. అతను నాతో మాట్లాడడు. పక్క సాలులో నడుస్తూ, నేను తిప్పి వదిలేసిన ఆకుల్ని మళ్ళీ తిప్పి చూస్తాడు. మొన్న మాత్రం ఒకచోట ఆగి, చూపుడువేలు పెట్టి పిలిచాడు.

"ఇదేంటి? చూశానన్నావుగా?"

వంగి చూశాను. ఏమీ కనిపించలేదు.

"మళ్ళీ చూడు," అన్నాడు.